మావయ్య గారి బనీను జేబులో 40 వేలు

పర్లాకిమిడి నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా మావయ్య గారికి 74 ఏళ్లు. బజారులో కిరాణా కొట్టు 40 ఏళ్లు నడిపి, ఆరేళ్ల కిందట మా ఆయనకి అప్పగించారు. డిపాజిట్ వడ్డీ పడగానే బ్యాంకుకి వెళ్లి మొత్తం తీసేస్తారు. బనీనుకి లోపలి జేబు కుట్టించుకుని, అందులో 30 వేలో 40 వేలో పెట్టుకుని తిరుగుతారు. పడుకున్నా తీయరు. మా ఆయన దగ్గర 200 కూడా ఉండవు, అంతా ఫోనే. భువనేశ్వర్‌లో చదువుతున్న మా అబ్బాయికి అసలు పర్సే లేదు, తాతయ్య జేబు చూసి నవ్వుతాడు. పోయిన నెల మావయ్య గారి డబ్బులో 4 వేలు తగ్గాయి. నా ఎదురుగా కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టారు. ఏమీ అనలేదు, నా మొహం వైపు చూశారంతే. మూడో రోజు పంచాంగంలో దొరికాయి. అప్పుడూ ఏమీ అనలేదు. మా ఆయనేమో డబ్బంతా లాక్కుని బ్యాంకులో వేసేస్తానంటున్నారు. రోజూ గొడవే. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, ముందు మీ ఆయన్ని ఆపండి. లాక్కోవడం అనే మాట ఇంట్లో ఇంకోసారి రాకూడదు. ఆ డబ్బు ఆయనది, ఆయన డిపాజిట్ మీద వచ్చింది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే హక్కు కొడుక్కి లేదు. బతిమాలవచ్చు, నచ్చజెప్పవచ్చు. లాక్కుంటే మాత్రం ఆయన మళ్లీ తీస్తారు, ఈసారి మీకెవరికీ తెలియని చోట దాస్తారు. అప్పుడు పోయేది 4 వేలు కాదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట ఇంకోటి ఉంది. 40 ఏళ్లు కొట్టు నడిపారు. అంటే 40 ఏళ్లు రోజూ రాత్రి షట్టర్ సగం దించి గల్లా బోర్లించి, పదులు ఒకవైపు, వందలు ఒకవైపు సర్ది, రబ్బరు బ్యాండు వేసి ఇంటికి తెచ్చిన మనిషి. ఆ లెక్క తేలితేనే ఆయనకి అన్నం సహించి ఉంటుంది. ఇప్పుడు అదే కొట్టులో కౌంటరు మీద స్కానర్ బోర్డు ఉంటుంది, ఎవరో ఫోన్ చూపిస్తారు, పక్కన డబ్బా ఇంత వచ్చిందని అరుస్తుంది, డబ్బు మీ ఆయన ఖాతాలో పడుతుంది. పెద్దాయన చేతికి ఒక్క నోటు తగలదు. కొట్టు అప్పగించిన రోజున ఆయన ఉద్యోగం పోయిందని మీరందరూ అనుకుని ఉంటారు, నాకు మాత్రం గల్లా పోయిందనిపిస్తోంది. ఆ బనీను జేబే ఇప్పుడు ఆయన గల్లా. పడుకున్నా దాన్ని తీయరంటే దొంగల భయం ఒక్కటే అయి ఉండదు.

దీనికి తోడు ఆ తరం చూసినవి కూడా గుర్తు చేసుకోండి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నారు, కొట్లు నడిపేవాళ్లు కాగితాలు పట్టుకుని క్యూలలో నిలబడ్డారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లా మీద పడింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు. ఆ రోజుల్లో మీ ఇంట్లో బియ్యం, కిరసనాయిలు ఎవరి జేబులోంచి వచ్చాయో ఒకసారి మీ ఆయన్నే అడగండి.

నా సంగతి చెబుతాను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నేను బరంపురంలోనే ఉన్నాను. రెండో రోజుకే మా నాన్న పర్సు ఖాళీ. మా అమ్మ పోపుల పెట్టె దించి, ఆవాల గిన్నె ఎత్తి, దాని కింద మందుల షాపు కవరులో నాలుగు మడతలు పెట్టిన నోట్లు తీసింది. పదులు, ఇరవైలు, రెండు మూడు వందలు. అంచులకి పసుపు అంటుకుని ఉంది. పాలాయన ఒక నోటు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంగువ వాసన వస్తోందమ్మా అని నవ్వాడు. ఆ నోట్లతోనే వారం నెట్టుకొచ్చాం. అందుకే పెద్దవాళ్లు డబ్బు దగ్గర పెట్టుకుంటే నాకు చాదస్తం అనిపించదు.

అలాగని 40 వేలు ఒంటి మీద పెట్టుకుని 74 ఏళ్ల మనిషి సంతలో తిరగడం మంచిదని నేను అనను. ఆయన పడిపోయినా, ఎవరైనా తోసినా ప్రాణానికే ముప్పు. ముందు ఒక ప్రశ్న అడగండి. మీ ఆయన కాదు, మీరు అడగండి, మధ్యాహ్నం భోజనాలయ్యాక నెమ్మదిగా. "మావయ్యా, అంత డబ్బు దేనికోసం అనుకుంటున్నారు?" అని. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో కొందరు అర్ధరాత్రి ఆసుపత్రి అంటారు, ముందు డబ్బు కట్టమంటే కొడుకు ఫోను పనిచేయకపోతే ఎలాగని. కొందరు మనవలకి పండక్కి చేతిలో పెట్టడానికి అంటారు. ఒక పెద్దావిడ నా ముందు చాలాసేపు కూర్చుని, చివరికి "నా కట్టెల ఖర్చమ్మా" అంది. నా ఖర్చు నేనే పెట్టుకుని పోవాలి, ఎవరి ముందూ చెయ్యి చాచకూడదు అని. మీ మావయ్య గారి జవాబు ఏదైతే దానికే మందు వెయ్యాలి. ఆసుపత్రి భయమైతే ఇంట్లో బీరువాలో 10, 15 వేలు ఒక కవరులో పెట్టి, తాళం ఒకటి ఆయన దగ్గరే ఉంచండి. ఒంటి మీద 2, 3 వేలు చాలు అని అప్పుడు చెబితే వింటారు. ఈ అంకెలు నా అంచనా మాత్రమే, మీ ఇంటి ఖర్చుని బట్టి మార్చుకోండి.

బ్యాంకుకి వెళ్లడం మాన్పించకండి. అది ఆయనకి షికారు కూడా. నెలకి ఒక్కసారి 40 వేలు తీసే బదులు వారానికోసారి 5 వేలు తీసుకోమనండి, నాలుగుసార్లు నలుగురితో మాట్లాడి వస్తారు. వర్షాకాలంలోనో, ఒంట్లో బాగోలేనప్పుడో అయితే 70 దాటినవాళ్లకి ఇంటికే డబ్బు తెచ్చిచ్చే సదుపాయం ఉండాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకి చెప్పింది, మీ బ్రాంచిలో ఎలా చేస్తున్నారో కనుక్కోండి. పోస్టాఫీసు వాళ్ల పేమెంట్స్ బ్యాంకు ద్వారా పోస్ట్‌మ్యాన్ కూడా వేలిముద్ర తీసుకుని, ఆధార్‌తో ముడిపెట్టిన ఖాతాలోంచి ఒక్కసారికి 10 వేల వరకు ఇంటి దగ్గరే ఇస్తాడు. ఇంకో చిన్న పని. దాచిన వాటిలో 2000 నోట్లేమైనా ఉన్నాయేమో మెల్లిగా అడగండి. 2023 మేలో వెనక్కి తీసుకుంటున్నామన్నారు, మామూలు బ్యాంకుల్లో ఆ అక్టోబరు 7తో ఆగిపోయింది కానీ, భువనేశ్వర్‌లోని రిజర్వు బ్యాంకు ఆఫీసులో ఇంకా తీసుకుంటారు. పోస్టులో కూడా పంపవచ్చు. నోటు బయటపడితే ఎవరూ నవ్వకండి, ఆయన సిగ్గుపడి మిగతావి దాచేస్తారు.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఇది. ఆయనకి గల్లా తిరిగి ఇవ్వండి. కొట్టు కాదు, గల్లా. కొండల మీది ఊళ్ల నుంచి సంత రోజున వచ్చే సవరవాళ్లలో చాలామంది ఇంకా నోట్లే ఇస్తారు కదా, ఆ నగదు లెక్క రాత్రి ఆయన ముందు పెట్టమనండి. మీ ఆయన ఒక్క మాట అంటే చాలు. "నాన్నా, నాకు లెక్క తేలట్లేదు, నువ్వు ఒకసారి చూడు, రేపు బ్యాంకులో కూడా నువ్వే కట్టేసిరా." ఆయన చేతికి మళ్లీ నోట్లు తగులుతాయి, సొంత జేబులో అంత బరువు ఉంచుకోవాల్సిన అవసరం దానంతట అదే తగ్గుతుందని నా నమ్మకం. తగ్గకపోయినా ఆ తండ్రీకొడుకులు రోజూ పావుగంట కలిసి కూర్చుంటారు.

పంచాంగంలో దొరికిన 4 వేల గురించి. ఒక్కసారి మరిచిపోవడం జబ్బు కాదు, నేను కూడా మరిచిపోతాను. కానీ కొన్ని గమనించండి. నోటి లెక్కల్లో దిట్ట అయిన మనిషి 100 నోటుకి చిల్లర చూసుకోలేక తడబడుతున్నారా, పాలవాడికి ఒకే నెలకి రెండుసార్లు ఇచ్చారా, తెలిసిన వీధిలోనే దారి తికమక పడ్డారా, నా డబ్బు తీసేశారని మాటిమాటికీ అంటున్నారా. జేబులో డబ్బు పెట్టుకోవడం ఆయనకి ఎప్పటినుంచో ఉన్న అలవాటైతే దానికి భయపడనక్కర్లేదు. ఈ ఏడాదిలోనే కొత్తగా మొదలైతే మాత్రం డాక్టరుకి చూపించాలి. వయసులో డబ్బు లెక్క తప్పడం మతిమరుపు జబ్బుకి తొలి గుర్తుల్లో ఒకటి కావచ్చు. ఒక్కోసారి థైరాయిడ్, బి12 తక్కువవడం, మనసులో దిగులు కూడా అలాగే కనిపిస్తాయి, వాటికి మందులున్నాయి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి, శ్రీకాకుళం దగ్గరనుకుంటే అక్కడికి. మతి తప్పిందని చూపిస్తున్నాం అనకండి. బీపీ, షుగరు పరీక్షలని చెప్పి వెళితే అబద్ధం కాదు, అవీ చేయించాలి.

మీ అబ్బాయికి ఒక మాట. ఫోనులో ఎంత డబ్బున్నా చార్జింగు అయిపోతే, పలాసలో రైలు దిగి ఇంటికి చేరే బస్సు చార్జీకి ఎవరినో అడుక్కోవాలి. యూపీఐ మొదలైంది 2016లో, వాడి తరానికి పర్సు అలవాటు కాకపోవడం వాడి తప్పు కాదు. ఫోన్ కవరు వెనక ఒక 500 నోటు, రెండు వందలు పెట్టుకోమనండి. ఆ నోటు వాడి తాత చేతులతో ఇప్పించండి.

పెద్దాయనకి ఫోన్ పే నేర్పించాలా అని మీ ఆయనకి ఆలోచన రావచ్చు. ఆయనే కావాలంటే నేర్పండి, బలవంతం వద్దు. పోలీసులమని వీడియో కాల్ చేసి, మిమ్మల్ని అరెస్టు చేశామని భయపెట్టి జీవితకాలం దాచినది ఊడ్చేస్తున్న మోసాలు పెద్దవాళ్ల మీద ఎక్కువగా పడుతున్నాయి. నేర్పితే డిపాజిట్ ఉన్న ఖాతాకి ముడిపెట్టకుండా, కొంచెం డబ్బు మాత్రమే వేసే వేరే ఖాతాకి పెట్టండి. మోసం జరిగిందనిపిస్తే గంటలు గడవకుండా 1930కి ఫోన్ చెయ్యాలని ఇంట్లో అందరికీ తెలియాలి.

ఇక మీ సంగతి. ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసినా, ఆయన మీ మొహం చూసిన చూపు మీకు ఇంకా గుచ్చుతోందని నాకు తెలుస్తోంది. దాన్ని మింగేయకండి. డబ్బు దొరికిన తరువాత "అమ్మాయ్, నేనే పెట్టి మరిచిపోయాను" అని ఆయన అనాల్సింది. అనలేదు, ఆ తరం మగవాళ్లకి ఆ మాట నోట్లోంచి రాదు, అయినా తప్పు తప్పే. మీరే చెప్పండి. "మావయ్యా, ఆ రోజు మీరు నన్ను చూసిన చూపుకి నాకు నిద్ర పట్టలేదు. మీ రూపాయి నేను ముట్టను" అని, ఏడవకుండా, అరవకుండా. తరువాత రోజు నుంచి ఆయన బనీను ఉతకడానికి వేసేముందు జేబు ఆయనే ఖాళీ చేసుకోవాలి, ఒక చిన్న నోటు పుస్తకంలో ఎంతుందో ఆయనే రాసుకోవాలి. మీరు ఆ జేబులో చెయ్యి పెట్టవద్దు, అత్యవసరమైనా సరే. ఇది మీ ఆయన ముందే చెప్పండి, ఆయనకీ వినబడాలి.

ఇంకొకటి అడగాలి. మావయ్య గారి దగ్గర 40 వేలు, మీ ఆయన దగ్గర 200 లోపు, అబ్బాయి దగ్గర సున్నా అని రాశారు. మీ దగ్గర ఎంత ఉందో రాయలేదు. చాలా ఇళ్లలో నేను చూస్తున్నది చెబుతాను. కూరగాయలకీ పాలకీ ఆడవాళ్లు కూడా స్కానే చేస్తున్నారు, ఖాతా మాత్రం మగాయనది, ప్రతి రూపాయికీ ఆయన ఫోనుకి మెసేజి పోతుంది. మా అమ్మ పోపుల పెట్టె నోట్ల సంగతి మా నాన్నకి ఫైలిన్ దాకా తెలియదు, తెలిశాక కోప్పడలేదు కూడా. ఇప్పటి ఆడవాళ్లకి ఆ పెట్టె లేదు. మీ పేరు మీద ఖాతా ఉందా? దాని మెసేజీలు మీ ఫోనుకే వస్తున్నాయా? లేకపోతే ఈ వారమే మావయ్య గారు బ్యాంకుకి వెళ్లేటప్పుడు తోడుగా వెళ్లి తెరిచి రండి. తెరిచాక నాకు రాయండి, ఆ 4 వేల సంగతి ఆయనతో మాట్లాడారో లేదో కూడా.