వాన పడితే చాలు, ఇల్లంతా చీకటి

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాత ఇల్లు. రెండేళ్ల కిందట కొత్త బోర్డు పెట్టించాం. వాన పడిన రాత్రల్లా మెయిన్ ట్రిప్ అవుతోంది, పొద్దున ఎండ రాగానే లేపితే నిలబడుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది. ‘బైపాస్ చేసేస్తాను, గొడవ వదిలిపోతుంది’ అంటున్నాడు. చేయించమంటారా?
– ఒక గృహిణి

జవాబు: వద్దమ్మా, ఆ పని మాత్రం చేయించకండి. పడిపోయేది వెడల్పుగా ఉండి, మీద ‘టి’ అని చిన్న బటన్ ఉంటే అది ఎంసీబీ కాదు, ఆర్‌సీసీబీ. ఎంసీబీ లోడు ఎక్కువైనా షార్ట్ అయినా పడి వైరును కాపాడుతుంది. ఇదేమో ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రాకుండా, మధ్యలో ఎక్కడో, మనిషి ఒంట్లోంచైనా సరే, నేలలోకి కారిపోతుంటే పడుతుంది, ఇళ్లలో మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లు కారితే పడేది పెడతారు. అంటే అది కాపాడేది మనుషుల్ని. దాన్నే తీసేస్తానంటున్నాడు మీవాడు!

వానకే పడుతోందంటే నా అనుమానం బయట ఉన్నవాటి మీదే: గేటు లైటు, మేడ మీద లైటు, వరండా ప్లగ్గు, మోటారు. మా ఇంట్లోనూ నెల రోజులు ఇదే తంతు, ఫ్రిజ్‌ను తిట్టాం, గీజర్‌ను తిట్టాం, చివరికి గేటు స్తంభం మీది గ్లోబు విప్పితే అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు, వాటిలో తేలుతున్న ఉసిళ్లు, హోల్డర్ స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము.

ఎండలో వెతికితే దొరకదు, పడిన రాత్రే చూడాలి. పొడి చేతులతో, చెప్పులు వేసుకుని, ఎంసీబీలన్నీ దించి ముందు ఆర్‌సీసీబీని లేపండి. తర్వాత ఒక్కొక్కటే పైకి అనండి. దేన్ని లేపగానే ఢమాల్మని పడిందో తప్పు ఆ లైన్లో ఉన్నట్టు, దాన్ని దించేసి మిగతా ఇంటికి కరెంటు ఇచ్చుకుని పడుకోవచ్చు. ఒక మెలిక ఉంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది కాబట్టి, న్యూట్రల్ వైరు ఎర్త్‌కి తగులుతుంటే అన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలబడకపోవచ్చు. అప్పుడు స్విచ్‌లు కట్టేస్తే చాలదు, ప్లగ్గులు పీకి చూడాలి. అయినా పడుతుంటే మెగ్గర్ (వైరు ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, టెస్టర్ జేబులో పెట్టుకుని వచ్చేవాడితో ఇది తేలదు.

నెలకోసారి ఆ ‘టి’ బటన్ నొక్కుతుండండి. కరెంటు ఉండగా నొక్కినా పడకపోతే అది పనిచేయనట్టే, మార్పించాలి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. ఏసీ వేసిన అరగంటకి 16 ఆంపియర్ల ఎంసీబీ పడుతోంది. 32ది వేస్తే పోతుందా?

జవాబు: పోతుంది, దాంతోపాటు వైరూ పోతుంది. లోపల 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉండి 32 వేస్తే, వైరు కాలుతున్నా ఎంసీబీ కదలదు. అయినా అరగంట ఆగి పడుతోందంటే షార్ట్ కాదు. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. అదే లైన్లో ఇస్త్రీపెట్టె, కెటిల్ కూడా పెడితే 16 దాటినట్టే. అవేమీ లేకపోతే ఎంసీబీ కింద వైరు వదులుగా ఉండి వేడెక్కుతుండాలి. మెయిన్ కట్టేసి స్క్రూలు బిగించమనండి, వైరు తొడుగు నల్లబడి ఉంటే ఆ ముక్క కోసేసి కొత్తగా బిగించాలి. ఎంసీబీ రేటింగ్ 30 డిగ్రీల లెక్కన ఇస్తారు, మన మే నెల మధ్యాహ్నం పడమటి గోడ మీది బోర్డులో అంతకంటే కాస్త తక్కువ కరెంటుకే పడిపోతుంది.