సైకిల్ తొక్కితే ఎదురుగాలి తెలుస్తుంది, వెనక గాలి తెలియదు

"రోజూ సైకిల్ తొక్కితే ఒళ్లు తగ్గడం తప్ప, జీవితం గురించి కూడా ఏమైనా తెలుస్తుందా? నాకు నలభై దాటాయి, గేర్ల సైకిల్ కొనాలా మామూలుది చాలా?" అని అడిగారు. తెలుస్తుంది. నాకు తెలిసినవాటిలో పెద్దది గాలి గురించి, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

మాది విశాఖపట్నం. పొద్దున్నే ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి వైపు తొక్కడం అలవాటు. కురుసుర సబ్‌మెరైన్, తెన్నేటి పార్కు, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటుకుంటూ పోతే పాతిక కిలోమీటర్ల పైచిలుకు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కదా, జూన్, జులైల్లో నైరుతి గాలి గట్టిగా ఉన్న రోజున భీమిలికి వెళ్తుంటే గాలి వెనక నుంచి తోస్తుంది. తిరిగి వస్తుంటే అదే గాలి మొహాన కొడుతుంది.

వెళ్లేటప్పుడు అసలు గాలి ఉన్నట్టే అనిపించదు. గాలి కూడా మనతోపాటే వస్తుంటుంది కాబట్టి చెవుల్లో హోరు ఉండదు, చొక్కా రెపరెపలాడదు. "ఇవాళ కాళ్లలో మంచి బలం ఉంది" అనిపిస్తుంది, అంతే. రోడ్డు పక్కన సరుగుడు చెట్లు ఎటు వంగుతున్నాయో చూస్తే తప్ప సంగతి తెలియదు. తిరుగు ప్రయాణంలో మాత్రం గాలి ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి పెడల్‌కీ తెలుస్తూనే ఉంటుంది.

లెక్క చూడండి. గాలి లేని రోజు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో తొక్కితే మనకు ఎదురయ్యేది ఆ 25 కిలోమీటర్ల గాలే. ఎదురుగా ఇంకో 10 వీస్తే అది 35 అవుతుంది. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు రెట్టింపు. అదే 10 వెనక నుంచి వీస్తే మనకు తగిలేది 15 మాత్రమే, ఆ బలం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. మనిషి అదే, సైకిల్ అదే, రోడ్డూ అదే.

ఇది ఒంటికి పట్టాక నా జీవితాన్ని నేను చెప్పుకునే తీరు మారింది. మా నాన్నకి నెల జీతం వచ్చే ఉద్యోగం. ఫీజు ఎప్పుడూ ఆలస్యం కాలేదు. కాలేజీ ఇంటికి దగ్గర. పరీక్షల రోజుల్లో ఒక్క పని చెప్పకుండా అమ్మ అన్నం కలిపి పెట్టేది. చదివింది నేనే, కష్టపడిందీ నిజమే. కానీ ఆ కష్టాన్ని వెనక నుంచి తోసిన గాలి కూడా అంతే నిజం. ఇప్పుడు ఆఫీసులో కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు నేనూ ఇంటర్వ్యూలో కూర్చుంటాను. ఇంటర్ తర్వాత రెండేళ్లు ఖాళీ కనిపిస్తే ఆ రెండేళ్లలో ఏం చేశారో తప్పకుండా అడుగుతాను. ఒక అబ్బాయి తండ్రితో వేటకి వెళ్లానని చెప్పాడు, పడవ మీద. అతని మార్కులు నా మార్కుల కంటే తక్కువే. అతను తొక్కుతూ వచ్చిన గాలి వేరు. ఆ మార్కులని నేను అలాగే చదివాను, అలా చదవడమే న్యాయం అనుకుంటున్నాను.

ఎదురుగాలిలో ఇంకో పాఠం ఉంది. మీటరులో కనిపించే వేగాన్ని పట్టుకుని వేలాడితే అయిదు కిలోమీటర్లలో ఊపిరి అయిపోతుంది. అలవాటున్నవాళ్లు ఒక గేరు తగ్గించి, కాళ్లు తిరిగే లయని అలాగే ఉంచుతారు. పక్కనున్నవాళ్లతో ముక్కలు ముక్కలు కాకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే శ్రమ సరిపడా ఉన్నట్టు. వేగం ఎంత వస్తే అంత. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయిన నెలల్లో నేను పనిచేసింది ఇలాగే. ఆఫీసు పని సగమే సాగేది. ఇంట్లో వంట, మందులు, ఫిజియోథెరపీ అన్నీ ఉన్నాయి. సగమే అయిందని టెన్షన్ పడలేదు, ఎందుకంటే పెట్టిన శ్రమ ఎప్పటిలాగే ఉంది. ఈ తేడా పుస్తకంలో చదివితే తెలిసేది కాదు, తొడల నొప్పితోనే తెలిసింది.

గుంపులో తొక్కితే ముందున్నవారు గాలిని చీలుస్తారు, వెనకవారికి చాలా తేలికవుతుంది. అందుకే వంతులు వేసుకుని ముందుకు వస్తాం. ముందున్నవారు గుంత కనిపిస్తే చెయ్యి చూపించాలి, వెనకవారికి రోడ్డు కనపడదు కాబట్టి. ఎవరి వంతు వాళ్లు తీసుకోకపోతే ఎవరూ ఏమీ అనరు గానీ, అందరికీ తెలుస్తుంది.

ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి అనేది అందరూ చెప్పేదే. దూరం వెళ్తే అది అక్షరాలా నిజం.

సరదాకి తొక్కేవాళ్లం మేము. అదే రోడ్డు మీద మామూలు సైకిల్‌కి చేపల బుట్టలో, పాల క్యాన్లో కట్టుకుని బతుకుతెరువు కోసం తొక్కేవాళ్లు ఉన్నారు. వాళ్లని గమనించండి. ఎత్తు వస్తే దిగి, హ్యాండిల్ పట్టుకుని నింపాదిగా నడిపించుకుంటూ పోతారు, పైకి వెళ్లాక మళ్లీ ఎక్కుతారు. మొహంలో ఓడిపోయిన భావం ఉండదు. దిగి నడవడం ప్రయాణంలో భాగమే వాళ్లకి. ఖరీదైన సైకిళ్లున్న మాలో చాలామందికి రుషికొండ ఎత్తు దగ్గర దిగడం అంటే పరువు పోయినట్టు. నాకు వాళ్ల పద్ధతే సరైనదనిపిస్తుంది, ఉద్యోగంలోనైనా, ఇంట్లోనైనా.

ఇక మీ రెండో ప్రశ్న. మీ ఊరు చదునుగా ఉంటే మామూలు సైకిల్ చాలు. విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊరైతే గేర్లది తీసుకోండి, మోకాళ్లకి మంచిది. ఎత్తు మొదలవకముందే గేరు మార్చుకోండి, బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ మీద భారం పడుతుంది. బయలుదేరే ముందు ఫోన్‌లో గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి, వీలైతే మొదటి సగం ఎదురుగాలిలో వెళ్లండి. అలసిపోయి ఇంటికి వచ్చేటప్పుడు గాలి సాయం ఉంటుంది. సీటు ఎత్తు మాత్రం షాపులో ఎలా పెడితే అలా వదిలేయకండి. పెడల్ పూర్తిగా కిందకి ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం ఆనిస్తాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి, సరిగ్గా సరిపోతుంది.