చెమ్మ గోడలు, పిల్లల ఆయాసం

ప్రశ్న: మా కాలనీలో అద్దె ఇళ్లన్నీ ఇరుకే, గోడలకు చెమ్మ. పిల్లలకు తరచూ ఆయాసం. తక్కువ అద్దెకు మంచి ఇళ్లు కావాలని అధికారులను అడగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇంటింటి లెక్కతో. గదికి ఎంతమంది పడుకుంటున్నారు, ఆదాయంలో అద్దె ఎంత, బూజు ఏ గోడకు, దగ్గు ఏ వయసువారికి... ఒక్క పేజీ ఫారం చాలు. అద్దె 30 శాతం దాటితే భారమని సాధారణంగా లెక్కిస్తారు; అప్పుడు కోత పడేది తిండికీ మందులకే. పేర్లు మాత్రం రాయకండి. జబ్బు వివరాలు యజమాని చేతిలో పడితే ఖాళీ చేయించడానికి సాకు దొరికినట్టే.

బూజుపై రంగు వేయిస్తే సరిపోదు. కారే పైపు, పగిలిన పైకప్పు, గాలాడని వంటగది అలాగే ఉంటే మళ్లీ పడుతుంది. గాలిలో తేమను చూపే చిన్న పరికరం హైగ్రోమీటర్‌తో ఉదయం, రాత్రి తేమ కొలిచి తేదీతో రాసిపెట్టండి. 60 శాతం దాటుతూ ఉంటే అదీ మీకు ఒక సాక్ష్యం. ఇళ్లలో ఇరుకు తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో గట్టిగా సిఫారసు చేసింది, వినతిపత్రంలో చూపండి.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. మరమ్మతయ్యాక అద్దె పెరిగి, జబ్బుపడ్డవాళ్లే ఇల్లు వదలాల్సి వస్తుంది. అందుకే అద్దె పెంపుపై పరిమితి, పని జరిగినన్నాళ్లు వేరే వసతి, తిరిగొచ్చే హక్కు మూడూ మరమ్మతు డిమాండుతోపాటే రాతపూర్వకంగా పెట్టండి.