డైపర్ వయసు బాబుతో క్రూయిజ్: షిప్పు పేరు కన్నా ముందు చూడాల్సినవి

డాలస్‌లో ఉంటున్నామని, బాబుకి రెండున్నరేళ్లని, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు కాబట్టి అందరూ కలిసి టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ పోర్టు నుంచి క్రూయిజ్‌కి వెళ్లాలనుకుంటున్నామని రాశారు. ఏ షిప్పు మంచిదని అడిగారు. షిప్పు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్కటి చెప్పండి, బాబుకి డైపర్ మానిపించారా? ఏ కంపెనీ, ఏ రూటు, ఎన్ని రాత్రులు అన్నవన్నీ దాన్నిబట్టే మారిపోతాయి. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. మా పాపతో డైపర్ రోజుల్లోనూ వెళ్లాం, మూడేళ్లు దాటాకా వెళ్లాం. రెండిటికీ పోలికే లేదు.

మొదట పూల్ సంగతి. అమెరికా పోర్టులకు వచ్చే పెద్ద క్రూయిజ్ షిప్పులన్నీ సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) శానిటేషన్ నియమాలు పాటించాలి. డైపర్ మానని పిల్లల్ని మామూలు పూల్‌లోకి, హాట్ టబ్‌లోకి దింపనివ్వరు. నీళ్లలో వాడే స్విమ్ డైపర్ వేశామన్నా ఒప్పుకోరు. బుకింగ్ సైట్లలో కనిపించే ఆ రంగురంగుల వాటర్ స్లైడ్లు చూసి మురిసిపోతాం గానీ, రెండేళ్ల పిల్లలకి వాటితో పనే లేదు. మా పాప గట్టు మీద నిలబడి, లోపల గెంతుతున్న పిల్లల వైపు రెండు చేతులూ చాపి ఏడుస్తుంటే లైఫ్‌గార్డ్ పాపం ఇబ్బందిగా నవ్వి తల అడ్డంగా ఊపాడు. అతని తప్పేం లేదు, రూల్ అది. రాయల్ కరీబియన్ కంపెనీలో కొన్ని షిప్పుల్లో, డిస్నీ షిప్పుల్లో డైపర్ పిల్లల కోసమే నీళ్లు చిమ్మే చిన్న చోటు విడిగా ఉంటుంది. మీరు చూస్తున్న షిప్పులో అది ఉందా లేదా అన్నది షిప్పు పేరు పెట్టి మరీ కనుక్కోండి. ఒకే కంపెనీలో ఒక షిప్పులో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. పైగా గాల్వెస్టన్ నుంచి తిరిగే షిప్పులు సీజన్‌ని బట్టి మారుతుంటాయి.

రెండోది కిడ్స్ క్లబ్, అంటే పిల్లల్ని వదిలితే షిప్పు వాళ్లే చూసుకునే చోటు. టికెట్ డబ్బులో కలిసి వచ్చే వాటిలో పిల్లల తల్లిదండ్రులకి నిజంగా పనికొచ్చేది ఇదే. రాయల్ కరీబియన్‌లో, డిస్నీలో క్లబ్బులోకి తీసుకోవాలంటే మూడేళ్లు నిండాలి, బాత్రూమ్ అలవాటూ అయి ఉండాలి. అంతకన్నా చిన్నవాళ్లకి డిస్నీలో, రాయల్ కరీబియన్ కొన్ని షిప్పుల్లో నర్సరీ ఉంటుంది. దానికి గంటల లెక్కన విడిగా కట్టాలి, చోటు కూడా తొందరగా నిండిపోతుంది. కార్నివాల్ కంపెనీలో మాత్రం వాళ్ల క్లబ్బు క్యాంప్ ఓషన్‌లోకి రెండేళ్ల నుంచే తీసుకుంటారు. డైపర్లు మనం ఇస్తే వాళ్లే మారుస్తారు. డైపర్ మానని రెండున్నరేళ్ల బాబు ఉన్న ఇంటికి ఈ ఒక్క తేడా షిప్పు సైజు కన్నా, షోల కన్నా ఎక్కువ. కార్నివాల్‌లో గోల ఎక్కువని మా స్నేహితులు కొందరు ముఖం చిట్లిస్తారు. రాత్రి పదింటికే పడుకునే మనకి ఆ గోలతో పనేముంది?

రూటు గురించి. గాల్వెస్టన్ నుంచి నాలుగు రాత్రుల ట్రిప్ అంటే మామూలుగా ఆగేది మెక్సికో దీవి కోజుమెల్ ఒక్కచోటే. వెళ్లేటప్పుడు ఒక రోజు, వచ్చేటప్పుడు ఒక రోజు పూర్తిగా సముద్రంలోనే. పూల్‌లోకి దిగడానికి లేని పిల్లాడికి ఆ సముద్రం రోజులు బాగా పొడుగ్గా అనిపిస్తాయి. అందుకే చిన్నపిల్లలకి పోర్టుల లెక్క కన్నా, దిగిన చోట ఇసుక దగ్గర్లో ఉందా అన్నది ముఖ్యం. సముద్రంలో స్విమ్ డైపర్‌తో ఎంతసేపు ఆడినా అడిగేవాళ్లుండరు. ఈ లెక్కన చూస్తే ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావెరల్ నుంచి బహామాస్ వెళ్లే మూడు, నాలుగు రాత్రుల ట్రిప్పులే మేలు. రాయల్ కరీబియన్ వాళ్ల కోకోకే, డిస్నీ వాళ్ల కాస్టవే కే దీవుల్లో షిప్పు నేరుగా జెట్టీకే ఆనుకుంటుంది. స్ట్రోలర్ తోసుకుంటూ దిగితే బీచే. కోజుమెల్‌లో మంచి బీచ్‌కి ట్యాక్సీ ఎక్కాలి, ట్యాక్సీల్లో పిల్లల కార్ సీటు ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. కానీ పెద్దవాళ్లతో పోర్ట్ కెనావెరల్ కోసం ఓర్లాండోకి ఫ్లైటా, కారులో ఐదు గంటలు గాల్వెస్టనా అంటే, సామాను గుర్తొస్తే నేను కూడా కారుకే ఓటేస్తాను.

ఒక్క జాగ్రత్త. డిసెంబర్ నుంచి మార్చి దాకా గాల్వెస్టన్‌లో పొగమంచు పడితే పోర్టు మూసేస్తారు. ఒకసారి తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు ఎదురుగానే ఉందంటూ సాయంత్రం దాకా సముద్రంలోనే నిలబెట్టారు. పాలు దొరికాయి, అన్నం దొరికింది, డైపర్లు మాత్రం షిప్పు షాపులో లేవు. మేం లెక్కకి మించి సర్దుకెళ్లాం కాబట్టి బతికిపోయాం. దిగిన రోజే ఫ్లైట్ గానీ, మర్నాడు పొద్దున్నే ఆఫీసు మీటింగ్ గానీ పెట్టుకోకండి. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ సీజన్, అందులో ఆగస్టు నుంచి అక్టోబర్ మరీ గట్టిది. రూటు మార్చేసే హక్కు కంపెనీకి ఉంటుంది, దానికి టికెట్ డబ్బు వెనక్కి రాదు.

క్యాబిన్ విషయంలో నా మాట బాల్కనీయే. బాబు మధ్యాహ్నం పడుకుంటే ఇద్దరూ లోపల చీకట్లో గుసగుసలాడుకుంటూ కూర్చోవాలా? బయట కాఫీ తాగొచ్చు. కుర్చీలు మాత్రం రెయిలింగ్‌కి ఆనించి ఉంచొద్దు, తలుపు పైగొళ్లెం ఎప్పుడూ వేసే ఉంచాలి. షిప్పు మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. రెండేళ్లలోపు పిల్లలకి సముద్రం పడకపోవడం అరుదు, ఆ వయసు దాటిన పిల్లలకీ మనకీ ఆ బాధ ఉంటుంది. పాక్ అండ్ ప్లే (మడతపెట్టే పిల్లల మంచం) కావాలంటే బుకింగ్ అప్పుడే రాయించుకోండి. ఇంకోటి, చాలా క్యాబిన్లలో టబ్ ఉండదు, మనిషి తిరగడానికి కూడా కష్టమైన షవర్ మూల ఉంటుంది. పైనుంచి నీళ్లు పడితే కెవ్వుమనే పిల్లలకి స్నానం ఎలా? మా అత్తగారు సూట్‌కేస్‌లో ప్లాస్టిక్ మగ్గు పెడుతుంటే మావారు నవ్వారు. చివరికి రోజూ దాంతోనే పాపకి నీళ్లు పోశాం, వాష్‌బేసిన్‌లో వేడినీళ్లు పట్టి.

తిండి గురించి మీ అమ్మగారికి ధైర్యం చెప్పండి. రైస్ కుకర్, ఎలక్ట్రిక్ కెటిల్ ఎక్కనివ్వరు, స్కానింగ్‌లో పట్టుకుని దిగేదాకా దాచేస్తారు. ఇంట్లో వండినవీ కుదరవు. సీల్ తీయని ప్యాకెట్లకి, బేబీ ఫుడ్‌కి మాత్రం ఇబ్బంది ఉండదు. మొదటి రాత్రి డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌తో ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెప్తే మర్నాటి నుంచి పప్పో, కూరో చేసి పెడతారు. ఉప్పూ కారం మన స్థాయిలో ఉండవనుకోండి. బఫేలో తెల్లన్నం, ప్లెయిన్ యోగర్ట్ దొరుకుతాయి. మా మామగారు పొద్దున ఫలహారం దగ్గరే యోగర్ట్ కప్పులు తెచ్చి క్యాబిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునేవారు. మధ్యాహ్నం పాపకీ ఆయనకీ పెరుగన్నం, ఆవకాయ ప్యాకెట్టు.

ఇక శుభ్రత. సీడీసీ వాళ్లు షిప్పుల్ని ముందు చెప్పకుండా తనిఖీ చేసి వందకి మార్కులేస్తారు. 86 కన్నా తక్కువొస్తే ఫెయిల్. వాళ్ల సైట్‌లో షిప్పు పేరుతో వెతకండి. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద శానిటైజర్ పెద్దగా పనిచేయదు. తినేముందు బాబు చేతులు సబ్బుతోనే కడగాలి.

కాగితాలు. బాబు అమెరికా పౌరుడైతే, బయల్దేరిన పోర్టుకే తిరిగొచ్చే ట్రిప్‌కి బర్త్ సర్టిఫికెట్ చాలు. అయినా పాస్‌పోర్టు తీసుకుంటేనే నయం, మధ్యలో ఎక్కడైనా దిగి ఫ్లైట్ ఎక్కాల్సొస్తే అదే దిక్కు. మీది హెచ్1బీ ఉద్యోగ వీసా అయి, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంటే, ఆ పాత స్టాంపుతోనే తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ కెనడా, మెక్సికోలకే. హోండురస్‌లోనో బహామాస్‌లోనో ఆగే షిప్పుకి అది పనికిరాదు, లాయర్‌ని అడక్కుండా డబ్బు కట్టకండి. మీ అమ్మానాన్నల వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూడండి. పెద్దవాళ్లకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పక తీసుకోండి. షిప్పులో డాక్టర్ చూస్తే బిల్లు నేరుగా గది ఖాతాలో పడుతుంది.

మీ అమ్మానాన్న బాబుకి మూడేళ్లు నిండేదాకా ఉండేట్లయితే, అప్పటిదాకా ఆగి, ఈలోపు డైపర్ మానిపించండి. వయసుని ఏ రోజు నాటికి లెక్కేస్తారో క్లబ్బుల వాళ్లని ముందే అడగండి. అప్పుడైతే రాయల్ కరీబియన్ ఐదు రాత్రులు హాయిగా తీసుకోవచ్చు. ఆగే వీల్లేదంటే కార్నివాల్ నాలుగు రాత్రులు, బాల్కనీ క్యాబిన్. టికెట్ కాకుండా పన్నులు, పోర్టు ఫీజులు పిల్లాడికీ పడతాయి, టిప్స్ రోజుకి మనిషికింతని ఉంటాయి. అన్నీ కలిపిన చివరి అంకె చూసి కార్డు తీయండి.