కలుసుకున్న రోజుతో కథ ఆపేయకు

చిట్టితల్లికి,

నువ్వు పంపిన నవల మూడు రాత్రులు కూర్చుని చదివాను. 1999 కార్గిల్ యుద్ధానికి ముందు విడిపోయిన ఇద్దరు పిల్లలు, యుద్ధం అయ్యాక మళ్లీ కలవడం. మంచి కథ పట్టుకున్నావు. అందుకే నాకు తోచినదంతా దాచకుండా రాస్తున్నాను, నొచ్చుకోకు.

వాళ్లెందుకు విడిపోయారో మొదటి నలభై పేజీల్లో బాగా రాశావు. తనతో ఒక్క మాట చెప్పకుండా సైన్యంలో చేరిపోయాడని ఆ పిల్ల కోపం. చెబితే వద్దంటుందని తెలిసే చెప్పలేదని అతని వాదన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మరి చివర్లో అతను చేతికి కట్టుతో రైలు దిగగానే ఆ కోపం ఎక్కడికి పోయింది? యుద్ధమే వచ్చి వాళ్ల తగువు తీర్చేసినట్టు రాశావు. అది నేను ఒప్పుకోను.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, పెళ్లి కుదిరాక మీ మామయ్యకీ నాకూ ఏడాదిపాటు మాటల్లేవు. నేను టీచర్ ట్రైనింగ్‌కి వెళ్తానన్నాను, ఆయన వద్దన్నారు. అంతలో పాకిస్తాన్‌తో 1971 యుద్ధం వచ్చింది, సైన్యంలో ఉన్న ఆయన వెళ్లారు. డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోవడంతో ముగిసింది. పదమూడు రోజులు. ఆయన ఇంటికి వచ్చింది మాత్రం మార్చిలో. మా అమ్మ భోజనానికి పిలిచింది. నేనే వడ్డించాను. గుత్తివంకాయ కూర, పప్పుచారు, పెరుగు. తల ఎత్తకుండా ఐదు నిమిషాల్లో విస్తరి ఖాళీ చేసి లేచిపోయారు. కూర ఎలా ఉందని అడిగితే, 'ఏం కూర?' అన్నారు. పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న మనిషి ఇంకా ఇంటికి చేరలేదనిపించింది.

మూడో రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని, 'ఆ ట్రైనింగ్ సంగతి ఏం చేశావు?' అన్నారు. మళ్లీ అదే గొడవ. గట్టిగానే పోట్లాడుకున్నాం. అప్పటికి గానీ నా గుండె కుదుటపడలేదు. నీ నవలలో నాకు కావలసింది ఆ మూడో రోజు. స్టేషన్ సీను రెండు పేజీలు చాలు, తర్వాతి పది రోజులకి యాభై పేజీలు ఇవ్వు.

ఇక పదకొండో అధ్యాయం. అతను కార్గిల్ దగ్గరి ద్రాస్ నుంచి ఆ పిల్లకి సెల్‌ఫోన్ చేస్తాడని రాశావు. కశ్మీర్‌లో సెల్‌ఫోన్లు వచ్చిందే 2003లో. 1999లో మన ఊళ్లో ఫోన్ అంటే ఎస్టీడీ బూత్, లేదంటే పక్కింటివాళ్ల పీపీ నంబరు, అంటే వాళ్ల ఫోన్‌కి చేస్తే మనల్ని పిలుస్తారు. కాబట్టి ఉత్తరమే రాయాలి. ఉత్తరం రాయాలంటే అతని నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద 'కేరాఫ్ 56 ఏపీఓ' అని, అంటే సైన్యం పోస్టాఫీసు నంబరు, ఉండాలి. ఏ కొండ మీద ఉన్నాడో ఆ అడ్రసులో తెలీదు. అసలు ఆ అడ్రసు ఆ పిల్లకి ఎవరిస్తారు? అతని తల్లి ఇవ్వాలి. తన కొడుకుని కాదన్న పిల్ల అని కోపంగా ఉన్న తల్లి. ఆ గుమ్మం ఎక్కి, 'అత్తా, అడ్రసు కావాలి' అని అడగడం ఉంది చూశావూ, నీ నవలకి గుండెకాయ అదేనమ్మా. ఆవిడ వెంటనే ఇవ్వకూడదు. బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండా, 'ఇప్పుడెందుకు?' అనాలి. ఆ పిల్ల దగ్గర జవాబు ఉండకూడదు. ఆవిడ లోపలికి వెళ్లి, దేవుడి పటం వెనక దోపిన ఇన్‌లాండ్ లెటర్ తెచ్చి చేతికివ్వాలి. ఆ పిల్ల అక్కడే నిలబడి అడ్రసు ఎక్కించుకోవాలి. పెన్ను తెచ్చుకోవడం మరిచిపోయిందని రాస్తే ఇంకా బాగుంటుంది.

యుద్ధం సీన్లు తగ్గించు. టోలోలింగ్ కొండ జూన్ 13న, టైగర్ హిల్ జూలై 4న మనవాళ్ల చేతికి వచ్చాయి. టైగర్ హిల్ ఎత్తు 16,000 అడుగుల పైమాటే. గాలి చాలని చోట, రాత్రిపూట, పైనుంచి తుపాకులు పేలుతుంటే ఎక్కారు. నువ్వూ నేనూ చూడని కొండ అది. అతను ఇంటికొచ్చాక నోరు జారి చెప్పే నాలుగు ముక్కల్లోంచే దాన్ని మాకు చూపించు.

జూలై 26న యుద్ధం ముగిస్తే 28న ఊళ్లో దిగాడని రాశావు. అదెలా కుదురుతుంది? గెలిచిన కొండల్ని కాపలా కాయాలి కదా, సెలవులు వంతులవారీగానే వస్తాయి. అతన్ని దీపావళికి తీసుకురా. ఆ ఏడాది దీపావళి నవంబరు 7న. వీధంతా టపాసులు. అతను పంపు సెట్టు గదిలో తలుపేసుకుని కూర్చుంటాడు. ఆ పిల్ల వెళ్లి ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంటుంది. చిచ్చుబుడ్డి మానేసింది, కాకరపువ్వొత్తి కూడా వెలిగించలేదు. ఆ రాత్రి వాళ్లతో ఒక్క మాటా మాట్లాడించకు.

ఇంకొకటి. ఆ యుద్ధంలో మన సైనికులు 527 మంది చనిపోయారు. హైదరాబాద్‌కి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య చనిపోయేనాటికి ఆయన భార్య గర్భవతి. ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. కలిసిన జంట కథ రాసేటప్పుడు ఇలాంటి ఇళ్లని మరిచిపోకూడదు. నీ కథలో అదే వీధిలో, కొడుకు తిరిగిరాని ఇల్లు ఒకటి పెట్టు. ఈ ఇద్దరూ సైకిల్ మీద వెళ్తూ ఆ ఇంటి ముందు దిగి నడవాలి.

తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది కదా. ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు. సంక్రాంతికి రా, ఇద్దరం వెళ్దాం. రిటైరైన వాళ్లని ఎంతమందిని చంపారని మాత్రం అడగకు. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు ఎన్ని రోజులు నిద్రపట్టలేదు, ఏం తినాలనిపించింది, ఎవరితో మాట్లాడలేకపోయారు, ఇవి అడుగు. వాళ్ల ఆడవాళ్లతో విడిగా కూర్చో. వంటింట్లో అయితే ఇంకా మంచిది.

ముందు పదకొండో అధ్యాయం తిరగరాసి పంపు. ఆ తల్లి ఇంట్లో సీను అయ్యాకే మిగతాది ముట్టుకో. నాన్నని బీపీ మాత్రలు మానొద్దని చెప్పు.

ఆశీస్సులతో,
అత్త