అభిషేకమా, అభ్యంగనమా?

సందేహం: మా ఇంటి దగ్గర శివాలయంలో సోమవారం అభిషేకం అంటారు. మా చర్చిలో పాస్టరుగారు నుదుటికి నూనె రాసి అభిషేకం అంటారు. ఫలానా సేవకుడికి గొప్ప అభిషేకం ఉందని కూడా అంటుంటారు. ఇవన్నీ ఒకే మాటేనా? క్రైస్తవులు ఈ మాట వాడటం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మాట ఒకటేనమ్మా. నెల్లూరు మూలాపేటలో మూలస్థానేశ్వరుడికి చేసేదీ, మీ పాస్టరుగారు చెప్పేదీ వ్యాకరణం ప్రకారం ఒకే పదం. ‘సిచ్’ అనే ధాతువుకు తడపడం, చిలకరించడం, పోయడం అని అర్థం. దాని నుంచి ‘సేకం’ వచ్చింది. ముందు ‘అభి’ చేరితే, ఆ ఇకారం వల్ల ‘స’ కాస్తా ‘ష’ అయి అభిషేకం అయింది. ఫ్లెక్సీల మీద కనిపించే ‘అభిశేకం’, ‘అభిషేఖం’ రెండూ తప్పే.

ఈ మాటలో ఎక్కడా నూనె లేదు. బైబిల్లోని హెబ్రీ మాట ‘మషహ్’కు అసలు అర్థం పూయడం, రాయడం. సంస్కృతంలో దానికి దగ్గరి మాట అభ్యంగనం. కాటుకను అంజనం అంటామే, అదే ధాతువు. మన కతోలికులు ఈ మాటనే తీసుకున్నారు. రోగికి నూనె పూసి చేసే సంస్కారాన్ని అవస్థాభ్యంగనం అంటారు. అదే గురువు, అంటే చర్చి ఫాదరు, పదవికి వచ్చేసరికి గురుపట్టాభిషేకం అంటారు. ఆ తేడా చూశారా? ఒంటికి పూసేది అభ్యంగనం, పదవిలో నిలిపేది అభిషేకం. రాముడి పట్టాభిషేకం ఎరిగిన తెలుగువాడికి ఆ రెండో అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. బైబిల్లో సమూయేలు ప్రవక్త సౌలు తల మీద తైలం పోసింది కూడా రాజుగా నిలపడానికే. అందుకే తెలుగు బైబిలు అనువాదకులు అభిషేకం అనే మాటను ఎంచుకోవడం చాలా మంచి పని అని నా అభిప్రాయం.

వాళ్లు ఇంకా మంచి పని ఒకటి చేశారు. 23వ కీర్తనలో ‘నూనెతో నా తల అంటియున్నావు’ అని ఉంటుంది. అక్కడి హెబ్రీ మాట మషహ్ కాదు, వేరేది. అతిథికి చేసే మర్యాద అది, పదవి ఇవ్వడం కాదు. మన ఇళ్లలో అమ్మమ్మ ఆదివారం పొద్దున పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, మాడు మీద గోరువెచ్చని నూనె పోసి అరచేత్తో అద్దుతుంది చూడండి, ఆ తలంటే అది. యాకోబు పత్రికలో రోగి కోసం ‘నూనె రాచి’ ప్రార్థించమన్నారు. అక్కడా అభిషేకం అనలేదు. అంటడం, రాయడం, అభిషేకించడం అని మూడు మాటలను మూడు చోట్ల పెట్టిన బైబిలు చేతిలో ఉండగా, మనం మూడింటినీ కలిపి ‘అభిషేకం’ అనేస్తున్నాం.

మీ పాస్టరుగారు నూనె రాసి ప్రార్థిస్తే ‘నూనె రాసి ప్రార్థన చేశారు’ అంటే చాలు.

ఇక ‘గొప్ప అభిషేకం ఉన్న సేవకుడు’ అనే వాడుక. ఇక్కడ అభిషేకం అంటే శక్తి, ప్రభావం అనే అర్థం స్థిరపడిపోయింది. పాటకూ అంటున్నారు, ప్రసంగానికీ అంటున్నారు. వాడుకను కాదనలేం కానీ, గ్రంథంలోని అర్థం ఇందువల్ల మరుగున పడుతోందని నాకు బాధగా ఉంది. యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయంలో ‘మీరు అభిషేకము పొందినవారు’ అని ఉంది. ఆ ‘మీరు’ ఏ ఒక్క బోధకుడో కాదు, సంఘమంతా. కూలికి వెళ్లొచ్చి వెనక వరసలో చాప మీద కూర్చున్న మనిషి కూడా అందులో ఉంది. దేవుడు ఒక పనికి ప్రత్యేకించుకోవడం అనే అర్థంలో ఎక్కువ, తక్కువ అభిషేకాలు ఉండవు.

ప్రకాశం జిల్లా వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ‘బాప్తిస్మం’ గ్రీకు మాటే, అనువదించుకోలేదు. అభిషేకాన్ని మాత్రం మన మాటలోనే చెప్పుకున్నాం. క్రీస్తు అన్నా మెస్సీయ అన్నా అభిషిక్తుడనే అర్థం. విష్ణువు నుంచి వైష్ణవుడు వచ్చినట్టే క్రీస్తు నుంచి క్రైస్తవుడు వచ్చింది. అంటే మీరు అడిగిన మాట మీ పేరులోనే ఉందమ్మా.