కలెక్షన్ ఫీల్డుకు కాలమ్ సైజు ఎక్కడ చెప్పాలి?

ప్రశ్న: హైబర్నేట్‌లో (జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లలో దాచే లైబ్రరీ) ఒక ఎంటిటీకి (టేబుల్‌కు జతయ్యే క్లాసుకు) స్ట్రింగుల సెట్ పెట్టి, దానిమీద @ఎలిమెంట్‌కలెక్షన్, @సైజ్(మ్యాక్స్ = 500) రాశాం. అయినా టేబుల్‌లో కాలమ్ వర్‌చార్(255) గానే, అంటే 255 క్యారెక్టర్లు పట్టేదిగానే వచ్చింది. ఎందుకు?

జవాబు: మీరు రాసిన @సైజ్ సెట్‌కు వర్తిస్తుంది, అందులోని స్ట్రింగ్‌కు కాదు. సెట్‌లో 500కు మించి అంశాలు ఉండకూడదనే దాని అర్థం. ఒక్కో స్ట్రింగ్ పొడవును తనిఖీ చేయాలంటే @సైజ్‌ను యాంగిల్ బ్రాకెట్ల లోపల, స్ట్రింగ్ అన్న టైపుకు ముందు రాయాలి.

డేటాబేస్ కాలమ్ సంగతి వేరు. అదే ఫీల్డుమీద @కాలమ్(లెంగ్త్ = 500) పెట్టండి. ఫీల్డు కలెక్షన్ కాబట్టి ఇది ఎంటిటీ టేబుల్‌కు కాకుండా, సెట్‌లోని విలువల కోసం విడిగా ఏర్పడే కలెక్షన్ టేబుల్‌లోని విలువ కాలమ్‌కు చేరుతుంది. లెంగ్త్ చెప్పకపోతే జేపీఏ (హైబర్నేట్ పాటించే జావా ప్రమాణం) తీసుకునేది 255. మీకు కనిపించినది అదే.

అయితే సెట్ విషయంలో ఒక చిక్కుంది. @కాలమ్‌లో నలబుల్ = ఫాల్స్ (విలువ లేకుండా ఉండకూడదు) కూడా ఇస్తే, ఓనర్ ఐడీ (ఆ సెట్ ఉన్న ఎంటిటీ ఐడీ), విలువ రెండూ కలిపి హైబర్నేట్ ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కీ) చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మామూలుగా వాడే స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీలో కీ మొత్తం పొడవు మామూలుగా 3072 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్8ఎంబీ4 అనే క్యారెక్టర్ సెట్‌లో ఒక్కో క్యారెక్టర్‌కు 4 బైట్లు లెక్క కడతారు. 500 అయితే 2000 బైట్లు, ఇబ్బంది లేదు. 1000 ఇస్తే 4000 అవుతుంది, టేబుల్ తయారే కాదు. బిగ్‌ఇంట్ ఐడీకి 8 బైట్లు పోను 750 లోపు ఉంచడం క్షేమం. టెక్స్ట్‌గా మార్చినా గట్టెక్కలేరు, టెక్స్ట్ కాలమ్ పూర్తిగా కీలో పట్టదు. అంత పొడవైన విలువలుంటే సెట్ బదులు @ఆర్డర్‌కాలమ్‌తో లిస్ట్ వాడండి. అప్పుడు కీలోకి వెళ్లేది ఓనర్ ఐడీ, వరుస సంఖ్య మాత్రమే.

తెలుగు విలువలు దాచేవారు మరొకటి గమనించాలి. 'విద్యార్థి' మనకు మూడక్షరాలే, డేటాబేస్ లెక్కలో మాత్రం 10 క్యారెక్టర్లు. గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టి లెంగ్త్ ఇవ్వకండి.

ఇక, టేబుల్ ఇప్పటికే ఉంటే హైబర్నేటే టేబుళ్లను సరిచేసేలా స్కీమా సెట్టింగును అప్‌డేట్‌లో పెట్టి కూర్చుంటే సైజు పెరుగుతుందని నమ్మకండి. ఆల్టర్ టేబుల్ స్క్రిప్టు మీరే రాయాలి. పోస్ట్‌గ్రెస్ 9.2 నుంచి వర్‌చార్ పెంచితే టేబుల్‌ను తిరగరాయదు. మైఎస్‌క్యూఎల్ మాడిఫై కాలమ్‌లో నాట్ నల్ మళ్లీ రాయకపోతే, కీలో లేని కాలమ్‌కు ఆ నిబంధన పోతుంది.

ప్రశ్న: మ్యాప్ అయితే?

జవాబు: కీకి @మ్యాప్‌కీకాలమ్(లెంగ్త్ = 50), విలువకు మామూలు @కాలమ్. విలువ ఎంబెడబుల్ (సొంత టేబుల్ లేకుండా, కొన్ని ఫీల్డులను కలిపి ఉంచే క్లాస్) అయితే @ఆట్రిబ్యూట్‌ఓవర్‌రైడ్ వాడి, ఫీల్డు పేరుకు ముందు 'వాల్యూ', చుక్క చేర్చండి. ఎంబెడబుల్ కీకైతే 'కీ', చుక్క.